ఐదింటికే చీకటి, అరచేతిలో ఫిఫ్టీ: అండమాన్‌లో వెలుగు లెక్కల వింతలు

డిసెంబరు మొదటి వారంలో హైదరాబాద్‌లో సుమారు ఐదూ నలభైకి పొద్దు గుంకుతుంది. విశాఖలో ఐదూ ఇరవై దాటాక. అదే రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, గడియారం ఐదు కొట్టకముందే సూర్యుడు కొండ వెనక్కి జారిపోతాడు. దేశమంతటికీ గడియారం ఒక్కటే. ఆ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టుబడి నడుస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. అందుకే అక్కడ సూర్యుడు గడియారానికి నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. పైగా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి పొద్దు ఏటవాలుగా కాక దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. సంధ్యవెలుగు ఇరవై నిమిషాలు నిలిస్తే గొప్ప.

సెల్యులార్ జైలు చూసి, రాస్ దీవి తిరిగి, టీ తాగి కెమెరా తీసేసరికి వెలుగు ఉండదు. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చిన కిట్ లెన్స్ చేతులెత్తేస్తుంది. నా మొదటి అండమాన్ ప్రయాణంలో సాయంత్రాల ఫోటోలన్నీ అలాగే అలికినట్టు వచ్చాయి. రెండోసారి వెళ్లేముందు జూమ్ లేని చిన్న 50 ఎంఎం ప్రైమ్ లెన్స్ ఒకటి కొనుక్కున్నాను. ఫోటోలవాళ్లు దాన్ని ముద్దుగా ‘ఫిఫ్టీ’ అంటారు. చవక ఫాస్ట్ ప్రైమ్ లెన్సుల లోకంలోనూ, అండమాన్ దీవుల్లోనూ రికార్డులకు కొదవలేదు. రెంటినీ కలిపి చూస్తే ఏ లెన్స్ కొనాలన్నది దానంతటదే తేలుతుంది.

అతి చవక వెలుగు: పది రెట్లు

లెన్స్ మీద రాసి ఉండే ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. 50 ఎంఎం లెన్స్‌కు ఎఫ్/1.8 అంటే 50ని 1.8తో భాగించాలి. దాదాపు 28 మిల్లీమీటర్ల వెడల్పున్న కిటికీ అన్నమాట. కిట్ లెన్స్‌ను 55 ఎంఎంకు సాగదీస్తే అది ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు దాని కిటికీ పది మిల్లీమీటర్లు కూడా ఉండదు. సెన్సర్ మీద పడే వెలుగు ఈ అంకెల వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి తేడా మూడు రెట్లు కాదు, దాదాపు పది రెట్లు.

పొద్దు గుంకిన పావుగంటకు, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 పెట్టి, కిట్ లెన్స్‌తో సెకనులో పదిహేనో వంతు షట్టర్ వచ్చిందనుకోండి. నడిచే మనిషి పొగలా కరిగిపోతాడు. అదే వెలుగులో ఫిఫ్టీ సెకనులో నూట యాభయ్యో వంతు ఇస్తుంది. మనిషి మనిషిలా నిలుస్తాడు. షట్టర్‌ను ఇలా వేగంగా కొట్టనిస్తుంది కనుకే దీన్ని ఫాస్ట్ లెన్స్ అంటారు.

కిట్ లెన్సుల్లో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది, కదలని గోడకూ చెట్టుకూ అది చాలు. కానీ అది సర్దేది మన చేతి వణుకునే. ఎదుటి మనిషి కదలికను ఆపేది షట్టర్ వేగం ఒక్కటే.

ఎక్కువకాలం నిలిచిన చవక లెన్స్: పాతికేళ్లు

1990 డిసెంబరులో క్యానన్ తన 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌కు రెండో రూపం తెచ్చింది. ఒళ్లంతా ప్లాస్టిక్. కెమెరాకు తగిలించే చోట కూడా ప్లాస్టిక్కే. బరువు 130 గ్రాములు, అంటే ఒక మోస్తరు మామిడికాయంత. ఫోకస్ చేస్తుంటే తేనెటీగలా మోగేది. అయినా పాతికేళ్లు అమ్ముడుపోయింది. లక్షల రూపాయల సరంజామా ఉన్నవాళ్లూ సంచిలో ఒక మూల దీన్ని ఉంచుకున్నారు.

2015లో దాని వారసుడు ఎస్‌టీఎం వచ్చాడు. తగిలించే చోట లోహం, ఐదు రేకుల బదులు ఏడు రేకుల ద్వారం, నెమ్మదైన మోటారు, 160 గ్రాముల బరువు. అమెరికాలో పెట్టిన ధర 125 డాలర్లు. 2020లో మిర్రర్‌లెస్ కెమెరాల కోసం ఆర్‌ఎఫ్ ఫిఫ్టీ వచ్చింది. బరువు ఇంచుమించు అంతే.

నికాన్‌లో ఈ స్థానం 2009లో వచ్చిన డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8ది, 200 గ్రాములు. 2011 నాటి 50 ఎంఎం ఎఫ్/1.8 జీ 185 గ్రాములు. సోనీ 2016లో తెచ్చిన ఎఫ్‌ఈ ఫిఫ్టీ 186 గ్రాములు. ఫ్యూజీ ఎక్స్‌సీ 35 ఎంఎం ఎఫ్/2 బరువు 130 గ్రాములు. పానాసోనిక్ 25 ఎంఎం ఎఫ్/1.7 ఇంకా తేలిక, 125 గ్రాములు. వీటిలో ఏదైనా చొక్కా జేబులో పడుతుంది. దీవుల మధ్య పడవలెక్కి దిగేవాడికి అది చిన్న సుఖం కాదు.

అతి పాత లెక్క: 1896

చవక ఫిఫ్టీ లోపల సాధారణంగా ఆరు కటకాలుంటాయి. మధ్యలో ఉన్న ద్వారానికి అటు మూడు, ఇటు మూడు, దాదాపు ఒకదానికొకటి అద్దంలో నీడల్లా. ఈ పొందిక కొత్తది కాదు. 1896లో జర్మనీలో జైస్ కంపెనీ గణితజ్ఞుడు పాల్ రుడాల్ఫ్ ‘ప్లానార్’ పేరుతో దీన్ని రూపొందించాడు. నూట ముప్పై ఏళ్ల నాటి లెక్కలన్నీ ఎప్పుడో తేలిపోయాయి, యంత్రాలు కుదిరిపోయాయి. ఖరీదైన వంపులున్న కటకాలు దాదాపు ఉండవు. ఫిఫ్టీ ఇంత చవకగా దొరకడానికి కారణం ఇదే. చవకంటే నాసి అని కాదు, పరిష్కారం దొరికిపోయిన లెక్క అని.

అదే 1896లో పోర్ట్‌బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది. 1906లో పూర్తయింది. చక్రానికి ఆకుల్లా ఏడు విభాగాలు, మూడంతస్తులు, 690కి పైగా ఒంటరి గదులు. నేడు మిగిలినవి మూడు విభాగాలే. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఉన్నది ఈ గోడల మధ్యే. ప్రతి గదికీ వెనకవైపు మూడు మీటర్ల ఎత్తున ఒకే ఒక్క చిన్న గవాక్షం. ఆ గదిలో నిలబడి ఫోటో తీయబోతే వెలుగు ఎంత కరువో చేతికి తెలుస్తుంది. ఎఫ్/1.8 పెట్టి, ఫ్లాష్ లేకుండా, గవాక్షం నుంచి జారే ఆ ఒక్క చారనే తీస్తే గది ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫ్లాష్ వేస్తే గోడ సున్నం తప్ప ఏమీ మిగలదు. ఆ చీకటే ఆ గది చరిత్ర. దాన్ని చెరిపేయకూడదు.

మొట్టమొదటి ఫాస్ట్ లెన్స్: ఫిరంగిదళం సాయంతో

1839లో ఫోటోగ్రఫీ లోకానికి పరిచయమైనప్పుడు మనిషి ముఖం తీయాలంటే నిమిషాల తరబడి కదలకుండా కూర్చోబెట్టేవారు. 1840లో వియన్నాలో గణిత ఆచార్యుడు జోసెఫ్ పెట్స్‌వాల్ ఒక పోర్ట్రెయిట్ లెన్స్‌ను లెక్కగట్టాడు. లెక్కలు చేయడానికి సైన్యం తన ఫిరంగిదళంలోని గణిత దిట్టల్ని ఇచ్చింది. ఆ లెన్స్ సుమారు ఎఫ్/3.6. నేడు మన కిట్ లెన్స్ జూమ్ చేయకముందు ఇచ్చేదీ అంతే! ఆ రోజుల్లో అది అద్భుతం. కూర్చోవలసిన సమయం నిమిషాల నుంచి సెకన్లకు దిగింది. అందుకే ఫాస్ట్ లెన్స్ పుట్టింది మనిషి ముఖం కోసమని నేనంటాను. కొండలు ఆగుతాయి, మనుషులు ఆగలేరు.

అతి పెద్ద కన్ను: ఎఫ్/0.7

నిజంగా పనిచేసిన ఫాస్ట్ లెన్సుల్లో పేరుమోసింది జైస్ ప్లానార్ 50 ఎంఎం ఎఫ్/0.7. 1966లో చంద్రుడి ఫోటోల కోసం నాసాకు చేసిన ఈ లెన్సులు మొత్తం పది. ఆరు నాసాకు, ఒకటి జైస్ దగ్గరే, మిగతా మూడు సినిమా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్‌కు. 1975లో విడుదలైన ‘బ్యారీ లిండన్’లో కొవ్వొత్తుల దీపాల దృశ్యాలు తీసింది వాటితోనే. మన ఎఫ్/1.8తో పోలిస్తే దాని వెలుగు ఆరున్నర రెట్లు. కిట్ లెన్స్ ఎఫ్/5.6తో పోలిస్తే సరిగ్గా అరవై నాలుగు రెట్లు.

ఆ లెన్స్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందే, 1957లో, ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ తెరమీద వెన్నెల కురిపించాడు. ఆ వెన్నెల దీపాలతో పోతపోసింది. కుబ్రిక్ ఉన్న వెలుగును పట్టే కన్ను వెతికాడు, బార్ట్‌లీ ఉన్న కంటికి తగిన వెలుగు చేశాడు. దీపాల బండి వెంట లేని యాత్రికుడికి కుబ్రిక్ దారే దిక్కు, అదీ పదివేల రూపాయల అటూ ఇటూలో.

ధర అరవై నాలుగు రెట్లు, వెలుగు మూడున్నర

2019లో నికాన్ 58 ఎంఎం ఎఫ్/0.95 నాక్ట్ తెచ్చింది. పదిహేడు కటకాలు, రెండు కిలోల బరువు, ఆటోఫోకస్ లేదు. అమెరికాలో మొదటి ధర ఎనిమిది వేల డాలర్లకు ఐదు సెంట్లు తక్కువ. 125 డాలర్ల క్యానన్ ఫిఫ్టీ పక్కన పెట్టి చూడండి. ధర అరవై నాలుగు రెట్లు, బరువు పన్నెండున్నర రెట్లు. సెన్సర్‌కు అందే వెలుగు మాత్రం మూడున్నర రెట్లకు కాస్త ఎక్కువ. కటకాల పనితనంలో ఆ లెన్స్ ఒక శిఖరం, కాదనను. కానీ చీకట్లో మనిషి ముఖం నిలబెట్టాలన్నదే కోరికైతే, పెద్ద మెట్టు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కే. ఆ పైన ప్రతి మెట్టుకూ సుంకం పెరుగుతూ పోతుంది. ఎఫ్/1.4కు వెళ్తే అదనంగా వచ్చేది ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన, అంతే.

ఫోటో తీయడానికి కాని రికార్డు

ఎఫ్/0.33 అని రాసి ఉన్న లెన్స్ కూడా ఒకటుంది. జైస్ వాళ్లు 1960లలో ప్రదర్శనకు పెట్టిన ‘సూపర్-క్యూ-గిగాంటార్ 40 ఎంఎం’. దొరికిన భాగాలు కలిపి బిగించిన బొమ్మ అది. అప్పట్లో కంపెనీల మధ్య నడిచిన ఎఫ్ అంకెల పోటీ మీద విసురు. అంకె చూసి మోసపోకండని లెన్సులు చేసేవాళ్లే చెప్పిన మాట అని మనం గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి ఫోన్‌లోనూ ఎఫ్/1.8 ఉంది కదా?

ఉంది. కానీ ఫోన్ లెన్స్ అసలు నిడివి ఆరేడు మిల్లీమీటర్లే. దాన్ని 1.8తో భాగిస్తే కిటికీ నాలుగు మిల్లీమీటర్లు, కందిగింజంత. ఫిఫ్టీది 28. వైశాల్యంలో తేడా దాదాపు యాభై రెట్లు. ఫోన్ ఆ లోటును వరసగా చాలా ఫోటోలు తీసి కలిపి పూడుస్తుంది. ఆగిన దృశ్యానికి అది బాగానే పనిచేస్తుంది. వల విదిలించే చేతికి పనిచేయదు.

నూట నలభై ఏళ్ల రంపం: చాథమ్ మిల్లు

1883లో మొదలైన చాథమ్ రంపపు మిల్లు ఆసియాలోని పాత చెక్కమిల్లుల్లో ఒకటి. హాడో నుంచి చిన్న వంతెన దాటితే చేరతాం. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గుంత ఇప్పటికీ అక్కడుంది. రేకుల పైకప్పు కింద మసక వెలుగు, గాలిలో రంపపు పొట్టు, దుంగల మధ్య మనుషులు. అనుమతి ఉన్నంత మేర తీయడానికి ఇక్కడ 50 కంటే 35 ఎంఎం హాయి. చిన్న సెన్సర్ కెమెరాలో 50 ఎంఎం కోణం 75 లేదా 80లా ఇరుకైపోతుంది. వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డొస్తుంది. 35 అయితే మన కళ్లు చూసినంత మేర పడుతుంది.

అతి దట్టమైన నీడ: బారాటాంగ్ మడ అడవి

దీవుల విస్తీర్ణంలో ఎనభై శాతానికి పైగా అడవే. బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలకు వెళ్లే పడవ మడచెట్ల కింద సొరంగం లాంటి కాలువలో దూరుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సాయంత్రమే. పైగా పడవ ఊగుతుంది, కొమ్మలు కదులుతాయి. సెకనులో 250వ వంతు షట్టర్ తప్పనిసరి. తరువాత గుహలో గైడ్ టార్చి వెలుగే దిక్కు. రెండుచోట్లా ఫాస్ట్ లెన్స్ తన ఖరీదు తానే రాబట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త. చిన్న సెన్సర్ కెమెరా మీద 50 ఎంఎం ఎఫ్/1.8తో ఐదడుగుల దూరంలో ఫోకస్ పెడితే, స్పష్టంగా పడే లోతు బెత్తెడే. ముక్కుకు ఫోకస్ పడితే చెవులు మసకబారతాయి. అందుకే ఎప్పుడూ కంటికే ఫోకస్ పెట్టాలి.

దేశంలో ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం: బ్యారెన్

పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉంది బ్యారెన్ దీవి. 1787లో అది నిప్పు కక్కినట్టు రాతల్లో ఉంది. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు ‘సింధు సంకల్ప్’ ఓడ మీంచి దాని విస్ఫోటం చూశారు. పగలు బూడిద మేఘాలే కనిపించాయి. పొద్దు గుంకాక బిలం నుంచి ఎగసే ఎర్రని లావా ధారలు బయటపడ్డాయి. పగలు దాచినదాన్ని చీకటి చూపెట్టింది. దీవి మీద దిగనివ్వరు, దూరంగా ఓడ మీద నుంచే చూడాలి. ఊగే ఓడ మీద ట్రైపాడ్ ఉన్నా లేనట్టే. షట్టర్ వేగం తెచ్చిపెట్టే పెద్ద ద్వారమే అక్కడ ఆసరా.

ఎక్కువసేపు తెరిచి ఉంచగల షట్టర్: పది సెకన్లు

హ్యావ్‌లాక్‌లో, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, అమావాస్య దగ్గరి రాత్రుల్లో కొన్నిసార్లు నీళ్లు కదిలితే నీలంగా మెరుస్తాయి. కంటికి ఆనని జీవుల వెలుగు అది. దాన్నీ పైన నక్షత్రాలనూ కలిపి తీయాలంటే ట్రైపాడ్ కావాలి. ఎంతసేపు షట్టర్ తెరవచ్చు? 500ను లెన్స్ నిడివితో భాగించమని పాత సూత్రం. పెద్ద సెన్సర్ కెమెరా మీద 50 ఎంఎంకు పది సెకన్లు. చిన్న సెన్సర్ మీద 50ని 75గా లెక్కించాలి కనుక ఆరు, ఏడు సెకన్లే. దాటితే భూమి తిరుగుడుకు చుక్కలు గీతలవుతాయి. సమయం పెంచలేం కాబట్టి ద్వారమే పెద్దది కావాలి. ఈ పనికి 24 ఎంఎం ఎఫ్/1.7 లాంటి వెడల్పు కోణం ఇంకా మేలు.

ఎక్కువ జేబులు తిరిగిన అండమాన్ దృశ్యం

పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, దూరాన దీపస్తంభం గుర్తున్నాయా? మౌంట్ హ్యారియెట్ మీద నుంచి కనిపించే నార్త్ బే అది. 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. కోట్లమంది జేబుల్లో తిరిగిన ఆ దృశ్యాన్ని మీరూ తీయాలంటే ఫాస్ట్ లెన్స్ అక్కర్లేదు. పగటి వెలుగులో ఎఫ్/8 పెట్టిన కిట్ లెన్స్ చాలు. కొండ, కడలి, పగలు, ఈ మూడింటికోసమే వెళ్తుంటే డబ్బు దాచుకోండి.

ఫిఫ్టీకి అందనివి రెండు

ప్రపంచంలో ఒక్క నార్కొండం దీవిలోనే బతికే హార్న్‌బిల్ ఉంది. ఆ దీవి వైశాల్యం సుమారు ఏడు చదరపు కిలోమీటర్లే. చెట్టు చిటారున కూర్చునే పక్షికి 300 ఎంఎం, ఆ పైనే కావాలి. చవక ప్రైమ్ ఆ పనికి రాదు.

రెండోది తాబేళ్లు. డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరానికి చలికాలం రాత్రుల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా తీరానికి వచ్చే లెదర్‌బ్యాక్ అయితే లోకంలోని తాబేళ్లన్నిటిలో పెద్దది. గుడ్లుపెట్టే తాబేలు మీద ఫ్లాష్ కొడితే అది బెదిరి సముద్రంలోకి వెనుదిరుగుతుంది. ఫాస్ట్ లెన్స్ ఉంది కదా అని దగ్గరికి పోకూడదు. అటవీ సిబ్బంది చెప్పిన దూరంలో నిలబడి కళ్లతో చూడటమే మర్యాద. కొన్నిటికి జ్ఞాపకం చాలు.

లెన్సులకు అతి పెద్ద శత్రువు: బూజు

ఇక్కడ రెండు రుతుపవనాలూ కురుస్తాయి. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన. ఆ తేమకు కటకాల మధ్య సాలెగూడులా బూజు పడుతుంది. ఒకసారి పట్టిందంటే గాజు మీది పూతను తినేస్తుంది. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, లెన్స్ దాచండి. లోపల తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంటే మంచిది. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే గాజు మీద ఆవిరి కమ్ముతుంది. ముందే సంచిలో మూసి బయటపెట్టి, పావుగంట ఆగాక తెరవండి. ఉప్పు తుంపర తగలకుండా లెన్స్ ముందు ఒక ఫిల్టర్ బిగించండి. చవక లెన్స్ అయితే సముద్రం దగ్గర గుండె దడ కూడా తక్కువే.

కొనేముందు ఐదు మాటలు

మొదటిది, మీ కెమెరా మౌంట్ ఏదో చూసుకోండి. క్యానన్ ఈఎఫ్ లెన్స్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టర్ ఉంటేనే పడుతుంది.

రెండోది, ఫోకస్ మోటారు. నికాన్ డీ3000, డీ5000 వరస కెమెరాల ఒంట్లో మోటారు లేదు. పాత 50 ఎంఎం 1.8డీ లెన్స్ చవకగా దొరికినా వాటిమీద ఆటోఫోకస్ కాదు. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూడాలి.

మూడోది, నిడివి. చిన్న సెన్సర్ కెమెరాకు ఇంట్లోకీ వీధిలోకీ 35 దగ్గరి లెన్స్, ముఖాలకు 50. పెద్ద సెన్సర్ కెమెరాకు 50 ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది. తేల్చుకోలేకపోతే కిట్ లెన్స్‌ను ఒకరోజు 35 దగ్గర, మరో రోజు 50 దగ్గర కదపకుండా ఉంచి తీయండి. మీ కాళ్లే చెబుతాయి.

నాలుగోది, సెకండ్ హ్యాండ్ కొంటే టార్చి పట్టుకెళ్లండి. వెనక నుంచి వెలుగు వేసి చూస్తే బూజు, గీతలు బయటపడతాయి. ద్వారపు రేకుల మీద నూనె మరకలున్నాయేమో చూడండి. చేత్తో ఫోకస్ చేసే ఓపికుంటే సోవియట్ హీలియోస్ 44, అంటే జెనిత్ కెమెరాలతో వచ్చిన 58 ఎంఎం ఎఫ్/2, ఒక ముచ్చట. లోకంలో అత్యధికంగా తయారైన లెన్సుల్లో ఒకటది. వెనకున్న ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి.

ఐదోది, ఎఫ్/1.8 దగ్గర ఈ లెన్సులు కాస్త మెత్తగా ఉంటాయి, అంచులు నల్లబడతాయి. ఎఫ్/2.8కి తగ్గిస్తే పదునెక్కుతాయి. ఆ మెత్తదనం చూసి బాధపడకండి. వెలుగు లేనప్పుడు దొరికిన ఫోటో, వెలుగున్నప్పుడు దొరికే పదును కంటే విలువైనది.

అతి దగ్గరి దూరం: ఐదడుగులు

1896 గురించి ఒక మాట మిగిలింది. ప్లానార్ పుట్టిన, జైలు పునాదులు పడిన ఆ ఏడాదే అండమాన్‌లో పనిచేసిన బ్రిటిష్ అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ రాసిన ‘ఫోటోగ్రఫీ ఫర్ ఆంత్రొపాలజిస్ట్స్’ వ్యాసం అచ్చయింది. ఆ దశాబ్దంలో ఆయన బ్రిటిష్ మ్యూజియం కోసం అండమాన్ ఆదివాసులను వందల ఫోటోలు తీశాడు. వాటిలో పనితనం ఉంది. కానీ కెమెరా ముందు నిలబడినవాళ్లు పాలితులు, వెనక నిలబడినవాడు పాలకుడు. కాదనే హక్కు ఎవరికుంది? ఆ ముఖాలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి.

నేడు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా వెళ్తుంటే వారి ఫోటో తీయడం నేరం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కాపు కాస్తున్నది వాళ్లనే. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దాటాక కెమెరా సంచిలోనే ఉండాలి. ఎంత ఫాస్ట్ లెన్సైనా సరే. తీయగలగడం వేరు, తీయవచ్చుననడం వేరు.

చవక ఫిఫ్టీలో నాకు నచ్చింది సరిగ్గా ఇదే. దానికి జూమ్ లేదు. దూరం నుంచి దొంగచాటుగా ముఖం లాగేయడం దానివల్ల కాదు. ముఖం నిండుగా రావాలంటే ఐదడుగుల దగ్గరికి నడవాలి. ఐదడుగులంటే పలకరించే దూరం. పలకరించకుండా అంత దగ్గర నిలబడలేం.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర మత్స్యకారుల వాడలో నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. పొద్దు గుంకిన పది నిమిషాలకు అక్కడ చేపల గంప ముందు కూర్చున్న ఒక ముసలమ్మను, “అవ్వా, ఒక ఫోటో తీసుకోనా?” అని అడిగాను. “ఏటి బాబూ, ఈ సీకట్లో ఏటి పడతాది?” అని నవ్వింది. ఎఫ్/1.8, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 1600. తీసి వెనక తెరమీద చూపించాను. గంప మీద వేలాడే బల్బు వెలుగు ఒక చెంప మీద, మిగిలిన ఆకాశపు నీలం రెండో చెంప మీద. ఆమె కళ్లు చికిలించి చూసి, తల పక్కకు తిప్పి, “మా అమ్మలా ఉన్నాను” అంది.

మర్నాడు బజారులో ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చాను. తడి చేతులు చీరకొంగుకు తుడుచుకుని, అంచులు పట్టుకుని అందుకుంది. ఆ ముఖం ఆమె ఇంట్లోనే ఉంది.